బండి వెనక కన్ను

రోహిణి కార్తె, సోమవారం

పొద్దున్నుంచే ఎర్రగాలి. నీళ్ల కేంద్రం గేటు దగ్గర నిలబడితే బండి ముక్కు కనపడింది, తోక కనపడలేదు. రాత్రి గాలిలో తడి లేక ఆ తడిని పట్టే గుట్ట మీది వలల్లో నీళ్లు పెద్దగా దిగలేదని పైవాళ్లు చెప్పారు. ట్యాంకు మూడు వంతులే నిండింది. ఇంటింటికీ కొలత కొంచెం తగ్గించి పొయ్యమన్నారు. చక్రాల సందుల్లో ఇసుక దులిపి, ట్యాంకు మూత బిగించి, బయలుదేరేసరికి ఎండ ఎక్కింది.

బండి నడపడం నా పని కాదు. బండి తనంతట తానే నడుస్తుంది. మొదట్లో దాన్ని ఒంటరిగానే పంపి చూశారట. మనిషి లేని బండి ఊళ్లోకి వస్తే ఎవరూ బిందె పట్టుకుని బయటికి రాలేదు. అందుకని ముందర సీట్లో ఒక మనిషిని కూర్చోబెట్టారు. ఇప్పుడు ఆ మనిషిని నేను. ఊళ్లో ఆగాక ట్యాంకు దగ్గర మర తిప్పడం, కట్టడం నా పని. దస్తగిరమ్మది పైపు పని. పైపు కొస పట్టుకుని ఇంటింటి డ్రమ్ములో గీత దాకా నింపుతుంది. ఈ బండి మీద ఆమె నాకంటే పాత మనిషి.

చివరి ఊరు తూముపల్లె. అందులో చివరి ఇల్లు గంగులప్పది. అతని డ్రమ్ములో నీళ్లు గీతకు అందగానే మర కట్టేశాను. మర కట్టినా పైపు నిండా నీళ్లు ఉంటాయి. ఆ నీళ్లు ఏ ఇంటి కొలతలోకీ రావు. కేంద్రం లెక్కలో అవి కారిపోయిన నీళ్లు. దస్తగిరమ్మ పైపు కొసను నేల మీద పెట్టి, కొంగు దులుపుకుంటూ పక్కకు పోయింది. నేను పోయి సీట్లో కూర్చున్నాను. గంగులప్ప తలుపు దగ్గరికి వేసుకున్నాడు. అప్పుడు ఎర్రక్క వాళ్లు ఊరి చివరి పెద్ద రాతిగుండు చాటు నుంచి బిందెలతో వచ్చారు. పైపు ఎత్తి వంచుకున్నారు. ఆఖరి చుక్క పడ్డాక పైపు చుట్టి కొక్కేనికి తగిలించి పోయారు. మేము చుట్టిన దానికంటే చక్కగా చుడతారు.

ఇది నేను రాకముందు నుంచీ ఉన్న పద్ధతి. ఇట్లా చెయ్యమని నాకు ఎవరూ చెప్పలేదు. ఎవరూ ఇవ్వరు, ఎవరినీ అడిగి తీసుకోరు. ఎవరూ చూడరు.

మనుషుల లెక్క రాసిన ఏడాది ఎర్రక్క వాళ్లు అద్దాల చేనులో ఉన్నారు. ఎండను పట్టే అద్దాల మీద దుమ్మును పొడి చీపుర్లతో ఊడ్చే పని అది. పని ముగిసి ఊరికి వచ్చేసరికి లెక్క ముగిసింది. ఇటు ఊరి లెక్కలోనూ లేరు, అటు చేని లెక్కలోనూ లేరు. లెక్కలో లేనివాళ్లకు నీళ్ల కొలత లేదు. గుట్ట వెనక వాళ్లకొక చెలమ ఉంది. ఆ నీళ్లు ఉప్పు. మేకలు తాగుతాయి. మనుషులు తాగితే కడుపు నిలవదు. తాగడానికి వాళ్లకున్నది పైపు నీళ్లే.

పైపు మొదట నాలుగు బారలు ఉండేదట. ఇప్పుడు పది బారలు దాటింది, అతుకు మీద అతుకు. ఇళ్లకు అందడం లేదని చెప్పి పాత పైపు ముక్కలు తెచ్చి అతికించడమైంది. ఇళ్లు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. పైపు ఎంత పొడుగైతే అందులో అంత నీళ్లు నిలుస్తాయి. చివరి రెండు అతుకులు నేను వేసినవి.

సాయంత్రం కేంద్రానికి తిరిగి వచ్చాక బండికొకటి చొప్పున చిన్న కెమెరాలు పంచారు. అరచేతిలో పడుతుంది. బండికి వెనక ఉన్న కళ్లు ఎర్రగాలికి గీసుకుపోయి, పొర కమ్మినట్టు అయ్యాయి. కొత్తవి రావడం లేదు. పోయిన కార్తెలో మా బండి వెనక్కి వస్తూ గంగులప్ప మేకను తొక్కింది. అందుకని ఈ కెమెరాను బండి బయట, వెనకవైపు, ఎవరికి అనుకూలమైన చోట వాళ్లు బిగించుకోమన్నారు. దారి చూసేందుకేనని కూడా అన్నారు. అది తీసే బొమ్మ ఇంకెక్కడికి పోతుందని నేను అడగలేదు.

మంగళవారం

గాలి తగ్గింది. బండికి ఈ రోజు సెలవు. పొద్దంతా కెమెరా బిగించే పనే అయింది.

దానితో పాటు రబ్బరు గిన్నె ఒకటి ఇచ్చారు. నునుపైన చోట అదిమితే లోపలి గాలి పోయి పట్టుకుంటుందట. మా ట్యాంకు మీద నునుపైన చోటు లేదు. దుమ్ము తుడిచి, ఉమ్మితో రుద్ది, అదిమాను. నిలబడింది. బండి గేటు దాటి మొదటి గతుకులో పడగానే ఊడి, తాడుకు వేలాడింది. తాడు ముందే కట్టి ఉండబట్టి కెమెరా దక్కింది. అయస్కాంతం ముక్క కూడా ఇచ్చారు. ట్యాంకు ఇనుముది కాదు, అది అంటుకోలేదు. ట్యాంకు పైకెక్కే నిచ్చెనకు కట్టి చూశాను. సీటు ముందర బొమ్మ కనపడే పలక మీద నేలంతా జల్లెడ పట్టినట్టు ఊగింది. కుడి చక్రం మీది రేకుకు కట్టాను. చక్రం లేపిన దుమ్మంతా కెమెరా మొహానే కొట్టింది.

ఎడమ పక్క, పైపు చుట్ట తగిలించే కొక్కెం కింద లావుపాటి కమ్మి ఉంది. అది బండి చట్రానికే అతికి ఉంటుంది, అదరదు. పాత టైరు ట్యూబు కోసి, రెండు పొరలు మడిచి కమ్మికి చుట్టి, దాని మీద క్లాంపు బిగించాను. సగం నేల, సగం దూరం పడేట్టు కొంచెం కిందికి వంచాను. బండిని గతుకుల్లో తిప్పించి చూశాను. బొమ్మ గోడకు కొట్టిన మేకులా నిలబడింది.

దస్తగిరమ్మ వచ్చి చూసింది.

"ఈడ పెట్టినావేంటికన్నా? పైపంతా దాని ముందరే ఉండాది."

దారి చూసేదానికేనని చెప్పాను.

"దారి ఆ పక్క లేదా?"

ఆ పక్క దుమ్ము కొడుతోందన్నాను. అది నిజమే. పొద్దున్నుంచి విప్పి, కట్టి విసుగు పుట్టిందని, బొమ్మ ఇంత బాగా కుదిరాక మళ్లీ విప్పబుద్ధి కాలేదని చెప్పలేదు. ఆమె ఇంకేమీ అనలేదు. అంటే విప్పేవాణ్ణేమో.

బుధవారం

ఎండ. ఆకు కదలలేదు. ట్యాంకు నిండుగా దొరికింది.

కెమెరా చూసి ప్రతి ఊళ్లోనూ జనం కొంచెం మారారు. డ్రమ్ముల దగ్గర ఎవరూ తోసుకోలేదు. ఆడవాళ్లు తలలు దువ్వుకుని వచ్చారు. ఒక ముసలాయన కెమెరాకు నమస్కారం పెట్టి, తన కొలత సరిగ్గా పడుతున్నదీ లేనిదీ చూడమని దానికే చెప్పాడు. తూముపల్లెలో బండి వెనక్కి వస్తూ గంగులప్ప అరుగుకు జానెడు దూరంలో తనే ఆగింది.

"నా మేక సచ్చినాంక తెస్తిరి కన్ను" అన్నాడు గంగులప్ప.

అతని డ్రమ్ము నిండాక మర కట్టాను. దస్తగిరమ్మ కొస కింద పెట్టి పక్కకు పోయింది. నేను సీట్లో కూర్చున్నాను. ఎర్రక్క వాళ్లు రాలేదు. పలకలో చూస్తే గుండు పక్కన ఒక బిందె అంచు మాత్రం కనపడుతోంది. కేంద్రం కళ్లకు మొహాలు గుర్తుపట్టడం తెలుసు. అద్దాల చేనులో పనిచేసి వచ్చినవాళ్లకు ఆ సంగతి మాకంటే బాగా తెలుసు. లెక్కలో లేని మొహం నీళ్ల బండి దగ్గర కనపడితే ఏమవుతుందో వాళ్లు చూసి ఉంటారు.

కొసలోంచి నీళ్లు కొంచెం కొంచెంగా కారి మట్టిలో ఇంకాయి. దస్తగిరమ్మ వచ్చి పైపు చుట్టింది. ఎప్పటికంటే బరువుగా ఉన్నందుకు ఆయాసపడింది.

"ఈ పొద్దు నేలకు పోస్తిమి" అని మాత్రం అంది.



శుక్రవారం

ఎండ, మధ్యాహ్నం కొంచెం సుడిగాలి.

రెండు రోజులూ ఆలోచించాను. కెమెరా తీసి వేరేచోట పెడదామన్న ఆలోచన కూడా వచ్చింది. మరి ఊగే బొమ్మ పంపితే ఎందుకు మార్చావని అడుగుతారు. బండి ఇంకో మేక మీదికో మనిషి మీదికో పోతుంది. అందుకని ఇంకో ఉపాయం చేశాను. ఎర్రక్క వాళ్లు కెమెరా ముందుకు రాలేరు. పైపు కెమెరా వెనక్కి పోగలదు.

మర కట్టాక దస్తగిరమ్మను పిలిచి, పైపు మొత్తం విప్పి, కొసను గుండు చుట్టూ తిప్పి అవతల పెట్టి రమ్మన్నాను. సగం దూరం నేను కూడా మోశాను. పది బారల పైపు గుండు అవతలికి సరిగ్గా అందింది. కాసేపటికి అటువైపు బిందెలో నీళ్లు పడే చప్పుడు వినపడింది. బొమ్మలో ఒక్క మొహం కూడా లేదు.

ఎర్రక్క వాళ్లు పైపును గుండు దాకా చుట్టి అక్కడే వదిలేశారు. కొక్కేనికి తగిలించడానికి రాలేదు. మిగిలింది మేము చుట్టుకున్నాం.

దస్తగిరమ్మ నవ్వింది. "నీకు బుర్ర ఉండాదన్నా" అంది. నాకు సంతోషమైంది.

మరుసటి బుధవారం

పొద్దున మబ్బు, తర్వాత ఎండ.

కేంద్రంలో బండ్లవాళ్లందరినీ పిలిచారు. నీరజ మేడం వచ్చింది. బండ్లన్నిటికీ పైఅధికారి ఆమె. చిన్న వయసు, మెత్తగా మాట్లాడుతుంది, అందరినీ మీరు అంటుంది. అందరి కెమెరా బొమ్మలూ పెద్ద తెర మీద వేసి చూపించింది. ఒకరిది ఊగుతోంది, ఒకరిది ఆకాశం చూస్తోంది, ఒకరిది దుమ్ముతో మూసుకుపోయింది. ఆఖరున మాది వేసింది. ఇట్లా ఉండాలి, కుళ్లాయప్ప గారిని అడిగి నేర్చుకోండి అని నన్ను చూపించింది.

లేచి చెప్పాను. రబ్బరు ట్యూబు ఎందుకు, క్లాంపు ఎంత బిగించాలి, ఎంత వంచాలి, అన్నీ చెప్పాను. వాళ్లు అడిగిన దానికంటే ఎక్కువే చెప్పాను.

నేను మాట్లాడినంతసేపూ నా వెనక తెర మీద మా బొమ్మ నడుస్తూనే ఉంది. తూముపల్లె, శుక్రవారంది. దస్తగిరమ్మ కొస భుజాన వేసుకుని గుండు వైపు నడుస్తోంది. కొక్కెం మీది నుంచి పైపు ఒక్కో చుట్టూ విడిపోయి, ఒక్కో అతుకూ కెమెరా ముందు నుంచి జరిగిపోతోంది. అతుకు దగ్గర మేము చుట్టిన నల్లపట్టీలు ఎర్రమట్టి మీద బాగా కనపడుతున్నాయి. నేను తిరిగి చూశాను కూడా. నడిచే మనిషి అంచులు సైతం ఎంత స్పష్టంగా వచ్చాయో చూశాను. నాకు కనపడింది అదే.

మృగశిర కార్తె, సోమవారం

మబ్బులు పట్టాయి. చినుకు లేదు. పెద్దవాళ్లు అలవాటుగా ఆకాశం వైపు చూసి లోపలికి పోయారు.

నీరజ మేడం మా బండిలో తూముపల్లె దాకా వచ్చింది. దారంతా నా కుటుంబం గురించి, ఎండల గురించి అడిగింది. గంగులప్ప ఇంటి దగ్గర బండి ఆగాక దిగి, పైపు దగ్గరికి పోయి నిలబడింది. కొలబద్ద తేలేదు. బొమ్మలో నల్లపట్టీలు లెక్కపెట్టే వచ్చింది.

బండికి నాలుగు బారల పైపే ఇచ్చారు కదా అంది. అవునన్నాను. చివరి ఇల్లు రెండు బారల్లోనే ఉంది కదా అంది. అవునన్నాను. గుండు వెనక ఇల్లు ఉందా అని అడిగింది. లేదన్నాను. ఆమె గొంతు పెంచలేదు. ఈ దారిలో నీళ్లు ఎక్కువ కారుతున్నాయని ఏళ్లుగా లెక్క వస్తోందని, ట్యాంకులో ఎక్కడో చిల్లు ఉందని అనుకున్నామని చెప్పింది. ఇన్నేళ్లుగా పైపులో మిగిలిన నీళ్లన్నీ కలిపితే ఒక ఊరికి సరిపోతాయంది. అది అబద్ధం కాదు.

"ఈ అతుకులు ఎవరు వేశారండీ?"

"నేను బండెక్కే నాటికే ఇట్ల ఉండె మేడం" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు. చివరి రెండు పట్టీలు మిగతావాటికంటే కొత్తవి, ఇంకా మెరుస్తున్నాయి. నేను వాటి పక్కనే నిలబడి ఉన్నాను.

దస్తగిరమ్మ నా వైపు చూడలేదు. పైపు మీది మట్టి చేత్తో తుడుస్తూ ఉంది. నేను ఇంకేమీ అననని తెలిశాక చెప్పింది.

"నేనే వేసినా మేడం. ఇండ్లకు అందల్యా అని."

మేడం తల ఊపింది. గుండు వైపు ఒకసారి చూసింది కానీ అటు పోలేదు. పోతే ఎర్రక్క వాళ్లు కనపడేవాళ్లు. పోకుండా ఉండడం ఆమె మంచితనమేమో నాకు తెలియదు. తిరిగి వచ్చేటప్పుడు నాతో, మీ బొమ్మ లేకపోతే ఇది ఎప్పటికీ తెలిసేది కాదండీ, చాలా శ్రద్ధగా బిగించారు అంది. దస్తగిరమ్మ పక్కన కూర్చునే ఉంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

మంగళవారం

ఉక్క. గాలి లేదు.

దస్తగిరమ్మను పైపు పని నుంచి తీసేశారు. ఆమె స్థానంలో ఎవరినీ వెయ్యరట. ఇక పైపూ, మరా రెండూ నావే. పైపు నాలుగు బారలకు కొయ్యమన్నారు. చివరి ఇంటి డ్రమ్ము గీతకు కొంచెం కిందుండగానే మర కట్టి, పైపులో నీళ్లను ఎత్తి అదే డ్రమ్ములో వంచమన్నారు. నేల మీద చుక్క పడకూడదన్నారు.

రంపంతో నేనే కోశాను. నేను వేసిన అతుకులే ముందు వచ్చాయి. ముక్కల్ని సామాన్ల గదిలో పడేశాను.

మధ్యాహ్నం దస్తగిరమ్మ గదికి పోయాను. కేంద్రం ఇచ్చిన గది, పని పోతే అదీ పోతుంది. గిన్నెలు గోనెసంచిలో సర్దుకుంటోంది. కూర్చోమంది. నేను కూర్చోలేదు. మేడంతో నిజం చెప్పేస్తానన్నాను.

"చెప్పేవానివైతే ఆ పొద్దే చెప్తుంటివి" అంది. కోపంగా అనలేదు. "నువ్వు చెప్పింటే ఇద్దరమూ పోతుంటిమి. బండికి తెలిసిన మనిషి ఒకరన్నా ఉండాల కదన్నా. ఉండి ఏమన్నా చెయ్యి."

ఏం చెయ్యాలో ఆమె చెప్పలేదు. నేను అడగలేదు.

బుధవారం

ఎండ. ట్యాంకు నిండుగానే దొరికింది.

ఒక్కణ్ణే రెండు పనులూ చెయ్యడం వల్ల ప్రతి ఊళ్లోనూ ఆలస్యమైంది. తూముపల్లెలో గంగులప్ప డ్రమ్ము గీతకు రాకముందే మర కట్టి, పైపు ఎత్తి, నీళ్లన్నీ అందులోకే వంచాను. అప్పటికే ఎర్రక్క గుండు చాటు నుంచి వచ్చి నిలబడి ఉంది. కెమెరా ఎదురుగానే నిలబడింది. పట్టుకునే నీళ్లే లేవు గనుక దాక్కోవలసిన పని అయిపోయిందని ఆమెకు తెలిసిపోయింది. పొడుగాటి మనిషి. చంకలో ఖాళీ బిందె. వెనక కోడలు మాదక్క, మాదక్క చంకలో పాలు మానని పిల్ల.

కెమెరాను చాలాసేపు చూసింది. దగ్గరికి వచ్చి కమ్మిని పట్టి ఊపింది. కదలలేదు.

"నువ్వే పెట్టినావాప్పా దీన్ని?"

"అవునక్కా."

"బాగా పెట్టినావు. ఊగల్యా."

గంగులప్ప తలుపు వేసుకోలేదు. లోపలికి పోయి చెంబు తెచ్చి, తన డ్రమ్ములోంచి ముంచబోయాడు.

"బిందె పట్టు ఎర్రక్కా. చంటిబిడ్డ ఉండాది."

"వద్దులే గంగులప్పా."

"ఊరికే ఇస్తాండా. ఏం అడగల్యా నిన్ను."

"అందుకే వద్దనేది" అంది ఎర్రక్క. "పైపు నీళ్లు ఎవురివీ కావు. అందుకే పట్టుకుంటిమి ఇన్నేండ్లు. ఈ నీళ్లు నీవి. ఈ పొద్దు ఇస్తావు. రేపు నీ కోడలు డ్రమ్ములోకి చూస్తాది. ఎల్లుండి మేమొస్తాంటే మీరు తలుపేసుకుంటారు. ఇన్నాళ్లూ తలుపులేసుకున్యారంటే మాకోసరం. అప్పుడేసేది మామీద."

గంగులప్ప చెంబు పట్టుకుని నిలబడిపోయాడు. ఎర్రక్క వెనక్కి తిరిగి పోయింది. మాదక్క మాత్రం రెండు అడుగులు వేసి, ఆగి, ఒకసారి డ్రమ్ము వైపు చూసి పోయింది.

నా భోజనం సంచిలో నా తాగే నీళ్ల సీసా ఉంది. ఇవ్వబోయి మానుకున్నాను. నేనిస్తే ఆమె ఇంకేం అనేదో వినే ధైర్యం లేకపోయింది.

శుక్రవారం

సాయంత్రం దాకా ఎండ.

పొద్దున కెమెరాను విప్పి నిచ్చెనకు కట్టాను. గేటు దాటకముందే కేంద్రం నుంచి పిలుపు వచ్చింది. బొమ్మ ఊగుతోంది, పాత చోటే పెట్టండి అన్నారు. పెట్టాను.

తూముపల్లె దారిలో తలగుడ్డ విప్పి దాని మీద కప్పాను. గుడ్డ మరిచిపోయానని చెప్పుకోవచ్చు, ఆ కాసేపట్లో పైపు కొసను మునుపటిలా ఎర్రక్క వాళ్లకోసం నేల మీద వదిలేయవచ్చు అనుకున్నాను. బండి ఆగిపోయింది. వెనక కనపడకపోతే కదలకూడదని దానికి నేర్పారు. అది నాకు తెలియదు. గుడ్డ తీసినా వెంటనే కదలలేదు. కేంద్రం వాళ్లు దూరం నుంచి దాన్ని తట్టి లేపేసరికి పొద్దు వంగింది, ఆ రోజుకు తిరిగి రమ్మన్నారు. దారి మధ్యలో మర తిరగదు. తూముపల్లెకు ఈ రోజు నీళ్లు లేవు.

ఊరివాళ్లు ఖాళీ బిందెలతో నడిచి బండి దాకా వచ్చారు. గంగులప్పే మాట్లాడాడు. సంగతి అతనికి అర్థమైనట్టే ఉంది.

"నీ మనసులో ఏముందో మాకు తెలుసు. మా నీళ్లాపి చేస్తావా ఆ పని? అట్లయితే రేపటి నుంచి మేమే కాపలా ఉంటాం దానికి."

అది కెమెరా గురించి. బండి కేంద్రం వైపు తిరిగింది.

ఆదివారం

మబ్బు. రెండు చినుకులు పడి, వేడి ఇంకా పెరిగింది.

నీరజ మేడం దగ్గరికి పోయాను. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని పోయాను. చెప్పవలసిన మాటలు దారిలో అనుకుంటూ పోయాను. చివరి రెండు అతుకులు నావి. పైపు గుండు చుట్టూ తిప్పమన్నది నేను. ఆ నీళ్లు ఎర్రక్క వాళ్లవి, వాళ్లను లెక్కలో రాయండి. ఇన్నే మాటలు.

మేడం లేచి కుర్చీ చూపించింది. శుక్రవారం బండి ఆగిపోయిన సంగతి ఆమెకు తెలుసు. గుడ్డ గాలికి వచ్చి పడిందా అని తనే అడిగింది. అవునన్నాను. ఇంకేమైనా ఇబ్బంది ఉందా అని అడిగింది.

"క్లాంపు వదులైంది మేడం. కొత్తది కావాల" అన్నాను.

సొరుగులోంచి తీసి ఇచ్చింది. నాకు ఇష్టమైన రకమే, బిగించే మరలో పళ్లు లోతుగా ఉన్నది. తీసుకుని వచ్చాను.

సాయంత్రం దాన్ని బిగించాను. పాతదానికి ఏ వదులూ లేదు.

బుధవారం

గాలి మళ్లీ మొదలైంది, పలుచగా.

తూముపల్లెలో గుండు దగ్గర ఎవరూ లేరు. గంగులప్ప డ్రమ్ము నింపి, పైపు వంచాను. చుక్క కింద పడలేదు. నిన్న మాదక్క చెలమ నీళ్లు కాచి, గుడ్డలో వడకట్టి పిల్లకు పట్టిందని, పిల్లకు విరేచనాలు ఆగడం లేదని గంగులప్ప చెప్పాడు. అతని కోడలు పొద్దు గుంకే వేళ ఒక బిందె తీసుకుపోయి గుండు మీద పెట్టి, ఎవరికీ ఇవ్వనట్టు వెనక్కి తిరిగి చూడకుండా వచ్చిందట. పొద్దున పోయి చూస్తే నీళ్లు అట్లాగే ఉన్నాయట. బిందె మీద మాత్రం దుమ్ము పడకుండా మూత పెట్టి ఉందట.

ఎర్రక్క వాళ్లకని ఇంట్లోంచి తెచ్చిన నీళ్ల డబ్బా బండిలోనే ఉంది. దించలేదు. తిరిగి తీసుకుపోయాను.

పడమటి కేంద్రం దగ్గర మనుషుల లెక్క కొత్తగా రాస్తున్నారని, ఎర్రక్క అక్కడికి పోవాలంటోందని కూడా గంగులప్ప చెప్పాడు. నడిస్తే దారిలో ఎక్కడా నీళ్లు లేవు. నాకు తెలుసు, ఆ దారిలో మా బండ్లే తిరగవు.

శుక్రవారం

గాలి. ఎండ మసకగా ఉంది. ట్యాంకు మూడు వంతులు నిండింది. ఊళ్లన్నీ తిరిగాను. కెమెరా బాగా పనిచేసింది.

దస్తగిరమ్మ నిన్న మధ్యాహ్నం గది ఖాళీ చేసి చెల్లెలి ఊరికి పోయింది.

ఎర్రక్క, ఆమె మొగుడు తిక్కన్న, కొడుకు రామాంజి, కోడలు మాదక్క, పిల్ల, వాళ్లతో ఉన్న మిగతా ముగ్గురూ, మేకలు, పడమటి వైపు పోయారు. ఈ రోజు తెల్లవారుతూనే, బండి రాకముందు.